బళ్ళారి విమానానికి సగం దారి మా మంగళవాడ

మా చిన్నప్పుడు... విత్తనం కాయలు ఒలిచే రోజుల్లో మంగళవాడలో మా ఇంటి ముందరి పడసాల నిండా శనక్కాయల కుప్పే. ఆ పనికి బళ్ళారిలో ఇచ్చిన మా అత్త పుట్టింటికి వచ్చి తీరాలి... అది మా అవ్వ చేసిన చట్టం.

ఒక ఏడు అత్త వెంట మామ కూడా వచ్చాడు. మరునాడే ఆమెను వెనక్కి పిలుచుకుపోతానన్నాడు. కాయలు ఒలిచే అత్త వేళ్ళు ఆగిపోయాయి.

మామకు మా ఊరంటే చులకన. వాన లేదు, రైలు లేదు... అదే వాళ్ళ బళ్ళారిలో అయితే విమానమే దిగుతుందట, బెంగళూరు గంట ప్రయాణమట. ఈ ప్రవచనం నాలుగోసారి వినగానే, ఏడో తరగతి చదివే మా అక్క లేచింది. భూగోళం పుస్తకంలోని పటం మీద బళ్ళారి నుంచి బెంగళూరుకు దారం లాగింది. సగానికి మడిచి మళ్ళీ పెట్టి చూస్తే... దారం కొస మా ఊరి తాలూకా పావగడ మీద!

"మామా, మీ ఇమానం మా నెత్తి మీదనే పోవల్ల. ఆడ లేచిన అర్ధగంటకు ఈడికి వస్తాది."

"వస్తే మీ అత్తను ఇత్తనం పడేదాకా ఈడనే ఇడిచిపోతా," అన్నాడు మామ నవ్వుతూ. రాకపోతే మధ్యాహ్నం బస్సుకే ప్రయాణం.

విమానం పొద్దున పదింటికి లేస్తుందట. అల్లుడి గడియారం అల్లుడి మాటే వింటుందని అవ్వ తీర్పు. కాబట్టి అర్ధగంటకు కొలత ఒక చాట కాయలు.

మరునాడు పదయిందని మామ చెప్పగానే ఒలవడం మొదలుపెట్టాం. ఇక్కడే మా వంశమంతా కలిసి ఒక తప్పు చేసింది. మామూలుగా చాట కాయలంటే ఊరి కబుర్లన్నీ తీరేదాకా సాగే పని. ఆ రోజు ఎవరూ నోరు తెరవలేదు... చూస్తుండగానే చాట ఖాళీ. ఆకాశమూ ఖాళీ.

"చాట అయిపోయె అత్తా. ఇమానం యాడ?" అన్నాడు మామ అవ్వతో. మా అత్త లోపలికి పోయి సంచి సర్దుకోసాగింది.

అక్క మామ చెయ్యి పట్టుకుని గడియారం చూసింది. "ఇంకా అర్ధగంట యాడయింది మామా? మా చేతులు బిరీన పోయినాయి... దానికి ఇమానం ఏం చేస్తాది?"

అవ్వ ఇంకో చాట నింపింది. అది సగం కాకముందే ఉత్తరం వైపు మోత... అందరం కళ్ళంలోకి పరిగెత్తాం. చిన్న విమానం, ఎండకు తళతళలాడుతూ, మా ఎండిన చేల మీదుగా దక్షిణానికి పోయింది.

మామ చాలాసేపు తల దించలేదు. తర్వాత పడసాలకు వచ్చి మా మధ్య కూర్చుని చాట తన ముందుకు లాక్కున్నాడు. అత్త చీరలు మళ్ళీ దండెం ఎక్కాయి. ఆ ఏడు విత్తనం పడేదాకా ఆమె మాతోనే ఉంది.

అవ్వ మాత్రం కనబడినవాళ్ళందరికీ ఒకటే చెప్పేది. "బళ్ళారోళ్ళకైనా బెంగళూరోళ్ళకైనా సగం దారి మేమేనప్పా."

ఇప్పుడు కాయలు మిషనే ఒలుస్తుంది... అత్తను పిలవడానికి సాకే లేదు. ఫోన్‌లో రెండు ఊళ్ళ పేర్లు కొడితే ఎంత దూరమో, విమానంలో ఎంతసేపో చిటికెలో చెప్పేస్తుంది. మధ్యలో ఎవరి ఊరుందో మాత్రం చెప్పదు...

మీ ఊరు ఎక్కడెక్కడికి సగం దారో, ఎవరిని ఇంకో పది రోజులు ఆపుకోవడానికి మీ ఇంట్లో ఏ పందెం కాశారో... అది మీరే చెప్పాలి.