తప్పిపోయిన కృష్ణవేషం

పంతొమ్మిది వందల యాభైల్లో ఒకసారి కర్నూలు నుంచి కడపకు బస్సులో వెళుతుంటే, పక్క సీటాయన తాను నాటకాల్లో పద్యాలు పాడేవాణ్ణని చెప్పాడు. మద్రాసులో ఒక సినిమాలో కృష్ణుడి వేషానికి తనను ఎంపిక చేసి, మేకప్పుతో ఫొటో కూడా తీశాక, ఆ వేషం ఇంకొకరికి పోయిందట. ఆ సినిమా ఊరూరా ఆడుతున్న రోజులవి.

"అయ్యో!" అన్నాను.

"అయ్యో ఏందప్పా! ఆ ఫొటో ఇంటికి పంపిస్తే మా యమ్మ దేవుని గూట్లో పెట్టి కర్పూరం ఎలిగించె. నేను ఇంటికి పోతే వంగి నా కాళ్లకే మొక్కె. పేరు పెట్టి పిలిచేది గూడా మానుకొనె. శానా భయమేసె."

"మరి వేషం పోయిందని తెలిశాక?"

ఆయన హాయిగా నవ్వాడు.

"ఒరే, కాళ్లు కడుక్కోని రారా గాడిదా, సంగటి సల్లారిపోతాండాది అనె. అప్పుడు నాకు పానం లేసొచ్చెనప్పా!"