యాక్సిల్ మీద సుద్దగీత

మా మేస్త్రి గారు పోయారని వట్లూరు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ట్రైలర్ కిందే ఉన్నాను, ఆయన నేర్పినట్టే యాక్సిల్ చూసుకుంటూ.

హైవే మీద పాడైన కార్లను జీపు వెనక తగిలించిన ట్రైలర్ మీద చేరవేయడం మా అన్నదమ్ముల పని. ఆ ట్రైలర్ కట్టింది ఆయనే. లారీలకుండే కమాను కట్టలు లేకుండా టార్షన్ యాక్సిల్ వేస్తానంటే నవ్వాను. ఒక చదరపు గొట్టం, దాని లోపల ఒక కడ్డీ, రెంటి మధ్య కూరిన రబ్బరు, కడ్డీ కొసన చక్రాన్ని పట్టుకునే ఇనప చెయ్యి, అంతే. చక్రం పైకి లేస్తే లోపలి కడ్డీ మెలి తిరిగి, రబ్బరు నలిగి కుదుపును మింగేస్తుంది.

"అంతా లోపలే అణిగిపోద్ది బాబూ, బయటికేం కనపడదు. జాగ్రత్త పడాల్సిందీ అందుకే" అన్నారు.

నాకు సగమే చెవికెక్కింది. ఒకసారి మడ్‌గార్డు ఊడితే, ఇంత దానికి ఆయనెందుకని నేనే వెల్డింగ్ పెట్టి, పైన రంగు కొట్టేశాను. మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు కారు ఎక్కించుకుని కొల్లేరు వైపు వెళ్లాడు. కాసేపటికి మేస్త్రి గారు వస్తే నా పనితనం గురించి గొప్పగా చెప్పాను.

"ఎక్కడ పెట్టావు వెల్డింగు?"

"గొట్టానికేనండి."

ఆయన మొహంలో రంగు పోయింది. "ఆ వేడికి లోపల రబ్బరు కాలిపోయుంటది కదయ్యా! బండెక్కడ?"

తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. ఇద్దరం నా బైకు మీద బయలుదేరాం. చెరువు గట్టు మీద, రెండు పక్కలా నీళ్ల మధ్య, మా ట్రైలర్ ఎడమవైపు కుంగిపోయి వెళ్తోంది. టైరు మడ్‌గార్డుకు రాసుకుని పొగ వస్తోంది. నేను హారన్ మీద వేలు పెట్టగానే ఆయన నా భుజం గట్టిగా నొక్కారు.

"కొట్టకు! కంగారులో బ్రేకు తొక్కాడంటే కారుతో సహా నీళ్లలోకే."

చప్పుడు చేయకుండా వెనకాలే వెళ్లాం. తమ్ముడికి కూతురు పుట్టి నెల కూడా కాలేదు. చివరికి ఎదురుగా చేపల మేత లారీ కనబడి, వాడే నెమ్మదిగా ఆపాడు.

కారు దింపాక మేస్త్రి గారు వంగి చూపించారు. "బరువు దిగినా చక్రం చెయ్యి కిందికి రాలేదు చూడు. రబ్బరు చచ్చిపోయింది." నన్ను ఒక్క మాట అనలేదు.

తర్వాత కొత్త యాక్సిల్ వేసి, గొట్టం మీంచి చక్రం చేతి మీదికి ఒకే సుద్దగీత గీశారు. బరువెక్కితే ఆ గీత రెండు ముక్కలవ్వాలి, దిగాక మళ్లీ కలవాలి. "కలవకపోతే బండి తియ్యకు, నన్ను పిలువు" అన్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా, బాగున్నావా అనే ముందు "గీత కలిసిందా?" అనే అడిగేవారు. నాకు తమ్ముడు మిగిలాడంటే ఆయన చలవే.

నిన్న ఆయన శవపెట్టెను సమాధుల తోటకు మా ట్రైలర్ మీదే తీసుకెళ్లమని ఆయన భార్య అడిగారు. పెట్టె ఎక్కించాక, అందరూ చూస్తున్నా, అలవాటు కొద్దీ కిందికి వంగాను. గీత వెంట్రుకవాసి కూడా విడిపోలేదు. జబ్బుతో అంతగా చిక్కిపోయారు.

స్టీరింగు ముందు నుంచి తమ్ముడు అడిగాడు. "తియ్యమంటావా అన్నయ్యా?"

"నెమ్మదిగా పోనియ్యరా" అన్నాను.