కౌంటరు మీది పిస్టన్

రంపం మిషన్లు, గడ్డి కోసే మిషన్లు, కంచెలు కత్తిరించే మిషన్లు బాగుచేసే ఆ మెకానిక్కును అందరూ చుక్కలాయన అంటారు. పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపేటప్పుడు చుక్క ఎక్కువైతే ఒప్పుకోడు, చుక్క తక్కువైతే అసలే ఒప్పుకోడు. మిషను తెచ్చినవాళ్ళకు పగలే చుక్కలు చూపిస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని గిట్టనివాళ్ళు అంటారు. రెండూ నిజమే.

ఎవరు ఏ మిషను తెచ్చినా ముందు దాని ట్యాంకు ఖాళీ చేస్తాడు. గాజు సీసాలోకి వంపి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తాడు. ఆయిల్ కలిసిన పెట్రోలుకు లేత నీలం రంగు ఉంటుంది. రంగు కనబడకపోతే ఇక ఆ మనిషి పని అయిపోయినట్టే.

"కారుకైతే ఇంజన్ ఆయిల్ పోసే చోటు వేరే ఉంటుందయ్యా. దీనికి లేదు. పెట్రోలుతో కలిసి లోపలికి వచ్చే ఆయిలే దీనికి దిక్కు. లీటరుకి పాతిక మిల్లీలీటర్లు. అది కూడా పొయ్యలేవా?"

ఆ తరువాత నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచితే పెట్రోలు జిగురు కడుతుందని చెబుతాడు. గాలి ఫిల్టరు ముక్కులాంటిదని, ముక్కు మూసుకుని ఎవడైనా పరిగెత్తగలడా అని అడుగుతాడు. వచ్చినవాడు బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని వింటాడు. అంతా అయ్యాక ఆయన చెయ్యి కౌంటరు మీదున్న పిస్టన్ మీదికి వెళుతుంది. చిన్న గ్లాసంత అల్యూమినియం ముక్క. ఒక పక్కంతా నిలువునా చారలు పడి, కరిగి, గరుకుదేలి ఉంటుంది.

"ఇది మా బావమరిది ఘనకార్యం. ఆయిల్ కలపని పచ్చి పెట్రోలు పోసి రంపం ఆడించాడు, మహానుభావుడు!"

వచ్చినవాళ్ళు నవ్వుతారు. పదకొండేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. షాపు ఇంటి ముందుగదిలోనే. వెనక గదిలో ఆయన భార్య ఉంటుంది, ఆ బావమరిదికి సొంత అక్క. ఈ మాట వచ్చిన ప్రతిసారీ లోపల గిన్నెల చప్పుడు కాస్త పెరుగుతుంది. అది ఆయనకు వినబడదని కాదు, పట్టించుకోడు.

నిజానికి ఆ బావమరిది అల్లాటప్పా మనిషి కాదు. చెట్టు కొట్టడంలో వాడిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, కొమ్మల బరువు ఎటుందో చూసి, నేల మీద పుల్ల ఒకటి పాతేవాడు. చెట్టు సరిగ్గా ఆ పుల్ల మీద పడేది. వాడి రంపం బావ చేతిలోనే బాగుపడేది, బావ పేరు వాడి రంపం వల్లే నలుగురికీ తెలిసేది. ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉండేవాళ్ళు.

పదకొండేళ్ళ కిందట ఒక ఆసుపత్రి గోడ మీదికి ఒరిగిన పెద్ద చెట్టు తీసే పని వాడికి వచ్చింది. ముందురోజు రంపం ఇంజన్ తేడాగా ఉంటే బావే విప్పి కొత్త ఆయిల్ సీలు వేసి బిగించి ఇచ్చాడు. పొద్దున్నే వాడు ఫోన్ చేశాడు.

"బావా, చెయ్యి వదిలేసినా మిషను అరుస్తూనే ఉంది. నెమ్మదించట్లేదు."

"కార్బొరేటర్ స్క్రూ కొంచెం తిప్పుకోరా. అది కూడా నేనే రావాలా?"

మధ్యాహ్నానికి వాడు రంపాన్ని చంటిపిల్లలా రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు. ఇంజన్ పట్టేసింది. బావ విప్పాడు, పిస్టన్ బయటికి తీశాడు, చారలు చూశాడు. అంతే, ఇంకేమీ చూడలేదు. షాపులో అప్పుడు ఏడెనిమిది మంది ఉన్నారు.

"ఆయిల్ కలపలేదురా నువ్వు."

"కలిపాను బావా. మూతతో కొలిచి మరీ పోశాను. కావాలంటే డబ్బాలో మిగిలింది చూడు."

ఆయన డబ్బా తీసుకున్నాడు. చూడలేదు. గుమ్మం బయట మట్టిలో గుమ్మరించేశాడు. "పిస్టన్ చెబుతుంటే డబ్బా ఎందుకురా? పాతిక మిల్లీలీటర్లు కొలవడం రానివాడికి మిషనెందుకు? పోయి చేత్తో గడ్డి పీక్కో!" అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన తీసుకోవాలని కూడా అనుకోలేదు.

వాడు ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు, మళ్ళీ రంపం పట్టలేదు. ఊరికి ఆ చివర ఒక మొక్కల తోటలో పనికి కుదిరాడని, చేతి కత్తెరతోనే కంచెలు కత్తిరిస్తాడని కబురు తెలిసింది. "రోషానికేం తక్కువ లేదు" అన్నాడు బావ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

మొన్నామధ్య ఒక ముసలాయన అదే రకం పాత రంపం తెచ్చాడు. దాని ఇంజన్ పక్కన తిరిగే చక్రం, ఫ్లైవీలు, పగిలిపోయింది. ఆ రకం సామాను ఇప్పుడు దొరకదు. అటక మీద బావమరిది రంపం ఉంది కదా, దాని ఫ్లైవీలు పనికొస్తుందని మెకానిక్కు దాన్ని కిందికి దించాడు. పదకొండేళ్ళ దుమ్ము తుడిచి, నట్టు విప్పి, ఫ్లైవీలు ఊడదీశాడు.

దాని వెనక, షాఫ్టు చుట్టూ, రబ్బరు ఆయిల్ సీలు ఉంది. ఆయన వేసినదే.

సీలు పెదవి ఒకచోట తెగి, లోపలికి మడత పడి ఉంది. షాఫ్టు మీద గాడి ఎంత వెడల్పుందో గాటు సరిగ్గా అంతే ఉంది. ఆ గాడి అంచు పదునుగా ఉంటుంది. సీలు ఎక్కించే ముందు దాని మీద టేపు చుట్టాలి, లేకపోతే సీలు తెగుతుంది. ఈ సంగతి ఆయన ఎంతమందికి చెప్పాడో లెక్కే లేదు. ఆ రోజు మాత్రం తెల్లారితే చెట్టు పని ఉందని తొందరలో టేపు చుట్టలేదు.

సీలు తెగితే గాలి లోపలికి దూరుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు పలచబడుతుంది, దాంతో వచ్చే ఆయిలూ పలచబడుతుంది. చెయ్యి వదిలేసినా మిషను అరుస్తూనే ఉంటుంది. అరిచి అరిచి పట్టేస్తుంది. పిస్టన్ మీద చారలు అచ్చం పచ్చి పెట్రోలు పోసినట్టే పడతాయి.

ఆయన సీలు ఊడదీసి కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. వాడు ఫోన్లో చెప్పాడు. స్పష్టంగా చెప్పాడు. ఆ ఒక్క ముక్క ఇంకెవరైనా చెప్పి ఉంటే, ముందు సీలు చూడమని తనే అనేవాడు. మట్టిలో పోసిన ఆ పెట్రోలు నీలంగా ఉందా అని ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాలేదు. చూస్తే కదా గుర్తుండటానికి!

సీలు తెచ్చి భార్య ముందు పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె చేతిలో పని ఆపి అంతా వింది.

"ఇంతమంది ముందు ఇన్నేళ్ళు వాడిని ఆడిపోసుకున్నారు. నాకు చెబితే ఏం లాభమండీ? వెళ్ళి వాడికి చెప్పండి."

మర్నాడు షాపు మూసి, పిస్టన్‌ను, సీలును గుడ్డలో చుట్టుకుని రెండు బస్సులు మారి మొక్కల తోటకు వెళ్ళాడు. బావమరిది నీళ్ళ గొట్టం పట్టుకుని కుండీల మధ్య నిలబడి ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. బావను చూసి కంగారుపడ్డాడు.

"అక్కకి ఏమైనా అయిందా బావా?"

"ఏం కాలేదురా. బాగానే ఉంది. నువ్వు కూర్చో."

పనిముట్ల గదిలో బల్ల మీద కూర్చున్నారు. ఆయన గుడ్డ విప్పాడు. సీలు మీద గాటు చూపించి, "ఇది నేను చేసిన తప్పురా. టేపు చుట్టలేదు" అన్నాడు.

వాడు సీలును వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశాడు. పని తెలిసినవాడు, వేరే చెప్పక్కర్లేదు. తలెత్తి అడిగాడు.

"అంటే... నేను ఆయిల్ కలిపానా బావా?"

"కలిపావురా."

"కలిపినట్టే గుర్తుండేది. ఒక ఏడాది దాకా బాగా గుర్తుంది. తర్వాత... నువ్వు అంత గట్టిగా చెప్పావు కదా. నీకు తెలియనిది ఏముంటుంది అనుకున్నాను. అనుకోగా అనుకోగా కలపలేదనే గుర్తొచ్చేది. తడి కూడా అంటని మూత కళ్ళకు కట్టినట్టు కనబడేది బావా. నాది మతిమరుపు బుర్ర, చెట్టు ఎవడి మీదైనా పడేస్తానేమోనని రంపం ముట్టుకోలేదు."

రోషం కాదన్నమాట. ఇన్నేళ్ళూ ఆయన రోషం అనుకున్నాడు.

అప్పుడు చూశాడు ఆ గది గోడను. సుద్దముక్కతో గీసిన గీతలు వరసగా ఉన్నాయి. కుళాయి కట్టేశానా, గొట్టం చుట్టానా, తలుపు వేశానా అని పక్కన రాసి ఉంది. ఒక్కొక్క పనికీ, సరిచూసిన ప్రతిసారీ ఒకటి చొప్పున, రోజుకు మూడేసి గీతలు.

"నన్ను నాలుగు తిట్టరా" అన్నాడు మెకానిక్కు.

"ఎందుకులే బావా. అక్కను ఒకసారి తీసుకురా." సీలును గుడ్డలో చుట్టి తిరిగి ఇచ్చాడు. పిస్టన్ మాత్రం ఇవ్వలేదు. "ఇది ఉండనీ. చూసుకుంటుంటాను."

గేటు దాకా సాగనంపాడు. ఆయన బయటికి వచ్చాక గేటు మూసి, తాళం వేసి, లాగి చూసి వెనక్కి తిరిగాడు. పది అడుగులు వేసి ఆగాడు. మళ్ళీ వచ్చి తాళం లాగి చూశాడు.

"వేశావురా" అన్నాడు మెకానిక్కు ఊచల బయటినుంచి. "నేను చూశాను."

"అవునా బావా?" అని నవ్వాడు వాడు. నవ్వుతూనే ఇంకొకసారి లాగి చూశాడు.