మరమగ్గం పుట్టిన ఏడు

ప్రేమకుమారి రోజూ మదనపల్లె నుంచి ఎర్రబస్సులో పుంగనూరు పోయి, అక్కడొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లండు సాంఘిక చరిత్ర చెప్పేది. ఆవిరియంత్రం, రైలు, నూలుమిల్లులు, వాటిలో నలిగిపోయిన పసివాళ్లు... పాఠంలో పడితే గంట కొట్టింది కూడా వినపడేది కాదు. డిటెక్టివ్ కథలు విక్టోరియా రాణి కాలంలోనే ఎందుకంత పెరిగాయో ఆమె చెబుతుంటే వెనక బెంచీలు కూడా చెవులు రిక్కించేవి.

"మన పల్లెలో కోడి పోతే, ఎవురింట్లో కూరొండినారో పొద్దుగూకేలోపల తెలిసిపోతాది. మిల్లులొచ్చి లండన్‌లో లక్షలమంది చేరినాక, పక్కింట్లో ఎవురుండారో తెలీదు. అప్పుడు కావాల్సొచ్చినాడప్పా డిటెక్టివు" అనేది.

1998 వేసవిలో ఫైనల్ పరీక్షలు. ఆ రోజు తన పేపరే కాబట్టి ఆమెకు హాల్లో డ్యూటీ వేయలేదు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మరుగుదొడ్ల వైపు పోయి రావడం వరండాలోంచి చూసింది. అనుమానమొచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తనూ పోయింది. నెలల తరబడి నీళ్లు చూడని దొడ్లు. గోడల సందుల్లో, తూములో, మలం మీద, ఎక్కడ చూసినా బొటనవేలంత జిరాక్సు చీటీలు. పుల్లతో ఒకటి పక్కకు లాగింది. చీమల్లా కుదించిన ఆ అక్షరాలు తనవే, పాఠం కోసం చేత్తో రాసుకున్న నోట్సులోవి. గోడ పట్టుకుని పొద్దున తిన్నదంతా కక్కేసింది.

మూతి తుడుచుకుని మళ్లీ చూసింది. మరమగ్గం పుట్టిన ఏడు 1758 అని ఉంది. అంకెలు తారుమారుగా రాసిన సంగతి ఆమెకు జనవరిలోనే తెలిసి, క్లాసులో 1785 అని దిద్దించింది. నోట్సు దిద్దని కాపీ ఒక్కటే బయటికి పోయింది. అది జనవరికి ముందే, ఇన్‌స్పెక్షన్‌కని అడిగితే కరెస్పాండెంట్ లక్ష్మీపతికి ఇచ్చింది.

ఆ చీటీ కవరులో పెట్టుకుని నేరుగా ఆయన గదికి పోయింది. లక్ష్మీపతి కాదనలేదు. టీ తెప్పించాడు.

"యాల మేడమ్ ఇంత రచ్చ? పిల్లోళ్లు పాసైతేనే గదా కాలేజీ నడిచేది. మీ రాత ఇంతమందికి అక్కరకొచ్చిండాది, సంతోషపడండి."

ఆమె టీ తాగకుండా లేచి వచ్చేసింది.

విశ్వవిద్యాలయానికి రాసింది. నెల తర్వాత ముగ్గురు పెద్దమనుషులు కారులో వచ్చారు. లక్ష్మీపతి తోటలో మధ్యాహ్నం నాటుకోడి భోంచేసి, నూనె వేళ్లు తుడుచుకుంటూ ఆమెను పిలిచారు. ఆమె కవరు బల్ల మీద పెట్టింది. పెద్దాయన కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అటెండరును పిలిచి బయట పారేయమన్నాడు. ఆధారాలు లేవని రాసుకుని వెళ్లిపోయారు.

మరునాడే ఆమె రాజీనామా ఇచ్చింది. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరైన భర్త పాల్, తొందరపడినావేమో అన్నాడు.

"ఆడ కూసుంటే నా చేతులే నాకు కంపు కొడతాండాయి" అందామె.

సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి పోయిన రోజు పుంగనూరు బస్టాండులో గుడ్డ బ్యానరు వేలాడుతోంది. ఆ ఏడు కాలేజీలో నూటికి తొంభై ఆరుమంది పాసయ్యారట. దాని కింద ఉమ్మేసి బస్సెక్కింది. నలుగురిలో అలా ఉమ్మడం ఆమె బతుకులో అదే మొదలు.

తర్వాత కుప్పంలో గది తీసుకుని, ఆదివారాలు మదనపల్లెకు వచ్చిపోతూ, ఒక హైస్కూల్లో తొమ్మిదేళ్లు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పింది. చరిత్ర కూడా తీసుకోమని హెడ్‌మిస్ట్రెస్ ఇందిరమ్మ రెండుసార్లు అడిగితే, రెండుసార్లూ వద్దంది.