అక్క మార్చని మాట

నా చిన్నప్పుడు నాకు వచ్చిన విద్యలన్నీ మా తాతయ్య కొట్లో నేర్చినవే. బడిలో ఎక్కాలు తప్పేదాన్ని గానీ, కొట్లోకి వచ్చిన మనిషికి ఏం కావాలో, ఎంత కావాలో మొహం చూసి చెప్పేసేదాన్ని. కొనేవాడు ఒక సరుకుని ముట్టుకుని వదిలేసి మళ్ళీ ముట్టుకున్నాడంటే వాడికి అది కావాలన్నమాట. అప్పుడు మనం చూపు పక్కకి తిప్పేసుకుని, "అది ఇంకొకరు అడిగి వెళ్ళారు, సాయంత్రం వస్తామన్నారు" అనాలి. ఇంకొకరు ఉండనక్కర్లేదు. ఇంకో సూత్రం కూడా ఉండేది. ఇంట్లో ఒకరు ఒక మాట చెప్పాక రెండోవారు దాన్ని కాదనకూడదు. నేను తప్పు ధర చెప్పినా సరే, తాతయ్య కొనేవాళ్ళ ముందు "అంతే, అంతే" అనేవాడు. వాళ్ళు వెళ్ళాక చెవి మెలిపెట్టేవాడు, అది వేరే సంగతి.

మాది అరకు. స్టేషన్‌కి వెళ్ళే దారిలో కొట్టు. తాతయ్య శృంగవరపుకోట వైపు నుంచి ఘాట్ రోడ్డెక్కి వచ్చి, ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు అమ్ముతూ ఇక్కడే స్థిరపడిపోయాడు. మా పక్కిల్లు మిషను బడి మాస్టారిది. ఆయన కూతురే నేను చెప్పబోయే అక్క. హైదరాబాదులో హాస్టల్లో ఉండి రష్యన్ చదివి వచ్చింది. అరకులో రష్యన్ వచ్చిన మనిషి అంటే చేపల బుట్టలో గడియారంలాగా అందరూ వింతగా చూసేవాళ్ళు. "ఆ బాసతో ఇక్కడ ఏటి కొంటావే గుంటా?" అని తాతయ్య ఆటపట్టించేవాడు. "కొనను తాతగారూ, చెప్తాను. పాఠం" అనేది అక్క. ఆమెకి ఉన్న కోరికల్లా అదొక్కటే, ఆ భాష ఎవరికైనా చెప్పాలి.

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి రష్యా ఇంజనీర్లు వచ్చి ఉన్న రోజులవి. మనవాళ్ళకి సాయంత్రం పూట రష్యన్ నేర్పడానికి అక్కడ ఒక క్లాసు పెట్టారు. నడిపేది ఒక ఇంజనీరు గారి భార్య. ఆవిడకి తెలుగు రాదు కాబట్టి, పక్కన ఉండి పాఠం చెప్పే తెలుగు మనిషి కావాలి. అక్క వెళ్ళి కనబడి వచ్చింది. ఆవిడ, "మేం ఎలాగూ అరకు చూడ్డానికి వస్తాం, అప్పుడు నువ్వు పాఠం చెప్పే తీరు కూడా చూస్తాను" అన్నదట. ఈ కొండల మీద రష్యన్ నేర్చుకునే పిల్లల్ని అక్క ఎక్కణ్ణుంచి తెస్తుంది? నన్ను పట్టుకుంది.

నేర్చుకునేదాన్ని నేనే అయినా కూలి అడిగింది కూడా నేనే. పాఠానికో పిప్పరమెంటు అని బేరం కుదిర్చాను. మా కొట్లో పిప్పరమెంట్లు మా కొట్లోనే కొని నాకే ఇచ్చేది పాపం. మా అరుగు మీద కూర్చోబెట్టి, కొట్లో సరుకులతోనే పాఠం చెప్పేది. ఉప్పుకి సోల్. పంచదారకి సాహర్. చాయ్‌కి చాయే, అది వినగానే ఆ భాష మీద నాకు నమ్మకం కుదిరింది. అక్క తొందరపెట్టేది కాదు. నేను తప్పు చెప్తే నవ్వేది కాదు, ఉప్పు చేతిలో పోసి మళ్ళీ అడిగేది. కొన్నాళ్ళకి నేనే కొట్లోకి వచ్చేవాళ్ళకి "సాహర్ కావాలా?" అని పోజు కొట్టడం మొదలుపెట్టాను.

ఒలిసె చేలు పూసి కొండవాలంతా పసుపుపచ్చగా పరుచుకున్న చలికాలంలో వాళ్ళు జీపులో వచ్చారు. ఇంజనీరు దొరగారు కెమెరా పట్టుకుని పొలాల్లోకి దిగిపోయాడు. దొరసాని మా అరుగు మీద తాతయ్య వేసిన కుర్చీలో కూర్చుని మా పాఠం చూసింది. ఆ రోజు నేను బాగా చెప్పాననే అనుకుంటున్నాను. ఆవిడ మధ్యమధ్య తలాడించింది, అక్కని ఏదో అడిగింది, మళ్ళీ పాఠం చెప్పించుకుంది, మళ్ళీ తలాడించింది. నేను చూస్తూనే ఉన్నాను. సరుకుని రెండోసారి ముట్టుకుంది.

పాఠం అయ్యాక ఆవిడ నా వైపు వంగి నవ్వుతూ ఒక మాట అడిగింది. అక్క తెలుగులో చెప్పింది. "మీ అక్కని మేం విశాఖ తీసుకుపోతే నీకు బెంగగా ఉండదా, అని అడుగుతున్నారు."

పిల్లలెవరైనా ఉంటుందనో ఉండదనో చెప్తారు. నేను కొట్టు పిల్లని. నా బుర్రలో తక్కెడ ఊగింది. అక్కని ఊరికే ఎగరేసుకుపోదామనుకుంటోంది ఈవిడ, తేరగా దొరికిందనుకుంటోంది, ధర పెంచాలి. చూపు పక్కకి తిప్పేసుకుని, "తీసుకెళ్తామంటే సరిపోద్దా ఏటి? అక్కని కలకత్తా వాళ్ళు కూడా అడుగుతున్నారు. పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు" అన్నాను. కలకత్తా ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. మాకు టీ పొడి పెట్టెలు అక్కణ్ణుంచే వచ్చేవి, అందుకేమో.

అక్క మొహంలో రంగు పోయింది. నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా అడిగింది. "నువ్వన్నది అన్నట్టే చెప్పాలి నేను. ఇదేనా నువ్వు చెప్పమన్నది?"

అక్కడే ఆగి ఉండొచ్చు. "కాదక్కా, ఊరికే అన్నాను" అంటే అయిపోయేది. కానీ కొట్లోంచి తాతయ్య తొంగి చూస్తున్నాడు. మనవరాలు దొరసానితోనే బేరం ఆడేస్తోందని ఆయన మీసాల కింద నవ్వు. నేను తల దించుకుని "ఇదే" అన్నాను.

అక్క చెప్పింది. మొత్తం చెప్పింది. కలకత్తా అన్న మాట ఆ రష్యన్‌లో నాకు కూడా వినబడింది. తర్వాత ఇంకో రెండు ముక్కలు తన తరఫున చెప్పి, తాతయ్య వైపు తిరిగింది. "నాకు ఎక్కడి నుంచీ పిలుపు లేదని నేను చెప్పాను తాతగారూ. ఇంతకీ ఏది నిజమని వారు మిమ్మల్ని అడుగుతున్నారు."

తాతయ్యకి నిజం తెలుసు. అయినా ఇంట్లో ఒకరు చెప్పిన మాటని రెండోవారు కాదనకూడదు కదా. పైగా, అక్క కాదనడం కూడా బేరంలో భాగమే అనుకున్నాడు ఆయన. చేతులు కట్టుకుని ఎంతో వినయంగా, "ఆ గుంటకి సిగ్గండి, పైకి చెప్పుకోదు. అడుగుతున్నారు, అడుగుతున్నారు" అన్నాడు. అక్క అదీ చెప్పింది. సిగ్గు అన్న మాటతో సహా చెప్పింది.

దొరసాని కుర్చీలోంచి లేచింది. తర్వాత అక్క చేయి పట్టుకుని చాలా మెల్లగా ఏదో అంది. కోపం లేదు ఆ గొంతులో. మా తాతయ్య ఉండబట్టలేక "ఏటంటంది? పెంచిందా?" అని అడిగాడు.

అక్క మా వైపు తిరిగి, నాకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది. "నీకు మంచి చోటు దొరికినందుకు సంతోషం, ముందే చెప్పి ఉంటే బాగుండేది, అంటున్నారు. విశాఖలో ఇంకో అమ్మాయి ఉందట. ఆమెని ఎవరూ అడగడం లేదట. అందుకని చోటు ఆమెకే ఇస్తారట."

జీపు వెళ్ళిపోయింది. తాతయ్య చాలాసేపు తక్కెడ తుడుస్తూ కూర్చున్నాడు, అందులో తుడవడానికి ఏమీ లేదు. చివరికి, "ఒక్కమాట మార్చి చెప్పుంటే పోయేది కదే అమ్మా, మాకేటి తెలుసు, ఆవిడకేటి తెలుసు" అన్నాడు. అక్క వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది. రోజూ వాళ్ళింట్లోంచి వినిపించే ప్రార్థన పాట ఆ రాత్రి వినిపించలేదు.

మర్నాడు సాయంత్రం నేను బియ్యం బస్తాల వెనక దాక్కున్నాను. అక్క వచ్చి, "రావే, పాఠం వేళయింది" అని పిలిచింది. నాకది తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది. అరుగు మీద కూర్చున్నాక ఏడుస్తూ అడిగాను, నేను వాగింది ఎందుకు చెప్పావు, నాకు బెంగగా ఉంటుందన్నాను అని చెప్పెయ్యకపోయావా అని. అక్క నా అరచేతిలో పంచదార పోస్తూ ఒకటే అంది. "ఆవిడకి తెలుగు రాదు. మీకు రష్యన్ రాదు. మధ్యలో నేనొక్కదాన్నే ఉన్నాను. నేను మార్చేస్తే ఇంకెవరికీ తెలీదు కదే. అందుకే మార్చకూడదు." తర్వాత ఆ పంచదారని ఏమంటారో చెప్పమంది. నేను ఆ పంచదారని వేలితో అటూ ఇటూ నెడుతూ కూర్చున్నాను. ఆ రోజు పిప్పరమెంటు నేను తీసుకోలేదు, అలా అని గొప్ప త్యాగమేమీ కాదు, తిన్నా తియ్యగా ఉండదని తెలుసు.

అక్కకి మళ్ళీ అలాంటి చోటు రాలేదు. మిషను బళ్ళో చిన్నపిల్లలకి లెక్కలు చెప్పింది. పాడేరు వైపు, తర్వాత చింతూరు వైపు ఊళ్ళు తిరిగింది. మంచి టీచరమ్మ అని అందరూ అన్నారు. రష్యన్ మాత్రం నా తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఆమె చదువుకి ఈ లోకంలో ఒకే ఒక్క విద్యార్థిని, అది కూడా నాలాంటి సరుకు.

తాతయ్య పోయాక కొట్టు నా చేతికొచ్చింది. ఇప్పుడు కాఫీ పొడి, తేనె, మిరియాలు అమ్ముతాను. బేరంలో నన్ను గెలిచినవాళ్ళు ఇంకా ఈ కొండెక్కి రాలేదని మా వీధిలో అంటారు, నేనూ కాదనను. ఇంకొకరు అడిగి వెళ్ళారని ఇప్పటికీ అంటాను, నా సరుకు గురించైతే. కానీ డుంబ్రిగుడ సంతలో కార్లలో వచ్చినవాళ్ళు, అడ్డాకులో పసుపు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మతో మాట్లాడి పెట్టమని నన్ను మధ్యలో నిలబెడతారు చూడండి, అప్పుడు నా నాలుక నాది కాదు. ఆమె ఆదివాసీ ఒరియాలో ఎంతంటే అంతే చెప్తాను. ఆయన ఎంతకి అడిగితే అదే చెప్తాను. "కొనే మొహమేనా ఇది, బేగి పొమ్మను" అని ముసలమ్మ విసుక్కుంటే అదీ చెప్తాను. దానివల్ల పోయిన బేరాలున్నాయి. అవి నావి కాదు, ఆ ముసలమ్మలవి. అక్క తన మాటకి అయిన ఖర్చు తనే భరించింది. నేను అంత నిక్కచ్చిగా ఉన్నందుకు ఇంకొకరు నష్టపోతుంటే, ఇది అక్క దగ్గర నేర్చుకున్నదా, కొట్టు బుద్ధే ఇంకో వేషం వేసుకుందా అని సందేహం. పోనీ, పోయిన బేరానికి బదులు ఆ పసుపు నేనే కొనేసి, బేరం ఆడకుండా డబ్బిస్తే, ముసలమ్మలు నన్నే అనుమానంగా చూస్తారు.

పోయిన చలికాలంలో కాఫీ కొనడానికి వచ్చిన కుర్రాడొకడు మాటల్లో, మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్ళే పిల్లలకి ముందుగా భాష చెప్పేవాళ్ళు కావాలి, విశాఖ అంతా వెతికినా దొరకడం లేదండీ అన్నాడు. వాడికి తూచిన పొడినే మళ్ళీ తూచాల్సొచ్చింది. అక్క ఇప్పుడు విశాఖలోనే చెల్లెలి దగ్గర ఉంటోంది, కళ్ళు సరిగా కనపడవు. క్రిస్మస్‌కి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఆ జీపు వచ్చిన రోజు గురించి ఒక్కసారీ మాటెత్తలేదు. అక్క నవ్వింది. "ఈసారి కూడా బేరం నువ్వే ఆడతావేటే?"

నేనూ నవ్వాను, నవ్వాలి కాబట్టి. ఫోన్ పెట్టేశాక కొట్లోకి ఎవరో వచ్చి రెండుసార్లు పిలిచినా వినిపించలేదట నాకు. క్షమించేసిందని తెలుసు, ఆ మర్నాడే పాఠానికి పిలిచినప్పుడే క్షమించేసింది. నాతో ఉండిపోయింది అది కాదు. ఇద్దరి మధ్య నిలబడి ఎవరి మాటైనా చేరవేయాల్సి వచ్చిన ప్రతిసారీ, అక్క నా వైపు తిరిగి, ఇదేనా నువ్వు చెప్పమన్నది అని అడిగి, ఆగడం కనపడుతుంది. చాలాసేపే ఆగింది. నేను కాదంటానేమో అని ఆగింది.