మంచు హాల్లో పెట్రోలు యంత్రం

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి వేసవిలో మా కంపెనీ నన్ను ఒక షాపింగ్ మాల్‌లోని మంచు హాలుకు మెకానికల్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా వేసింది. అప్పటికి చాలా ఏళ్ళుగా కువైట్‌లో ఏసీ ప్లాంట్లు చూస్తున్నాను. చల్లదనం గురించి తెలుసు గాని మంచుతో ఎప్పుడూ పని పడలేదు. విజయవాడవాడికి పడే అవకాశమూ లేదు.

మంచు హాలంటే పెద్ద కోల్డ్ స్టోరేజీ లాంటిదే. లోపల యంత్రాలతో నిజమైన మంచు తయారుచేసి పరుస్తారు. పిల్లలు కోట్లు, బూట్లు వేసుకుని ఆడుకుంటారు. పగలంతా తొక్కుడు పడి ఆ మంచు రాయిలా గట్టిపడుతుంది. రోజూ హాలు తెరిచే ముందు దాన్ని పగలగొట్టి గుల్ల చేసి మళ్ళీ పరచాలి. ఆ పని చేసే కరెంటు యంత్రం గేర్‌బాక్సు సరిగ్గా ఈద్ సెలవుల ముందు విరిగింది. విడిభాగం విదేశం నుంచి రావాలి. టిక్కెట్లేమో అప్పటికే అమ్మేశారు.

మా ఆపరేషన్స్ మేనేజర్ ప్రభాకర్ హైదరాబాద్ మనిషి. వయసులో నాకన్నా చిన్న, హోదాలో పెద్ద. షువైఖ్ పారిశ్రామిక వాడలోని మా గోదాములో ఒక పాత స్నో బ్లోవర్ పడి ఉందని ఆయనకు గుర్తొచ్చింది. హాలు కట్టినప్పుడు మిగతా సామానుతో కలిసి వచ్చిందట. ముందు భాగంలో తిరిగే మర మంచును లోపలికి లాగుతుంది, వెనక ఉన్న రెక్కల చక్రం దాన్ని గొట్టంలోంచి దూరంగా విసురుతుంది. అంతవరకు మాకు కావలసిందే. కాని అది పెట్రోలు ఇంజనుతో నడుస్తుంది. చలి దేశాల్లో ఆరుబయట రోడ్ల మీది మంచు తీయడానికి చేసిన యంత్రం.

ఇంజను తీసేసి మోటారు బిగిస్తేనే హాల్లోకి తీసుకువెళ్ళాలని మొదటి రోజే చెప్పాను. హాల్లోకి బయటి గాలి రాదు, చల్లబరచిన గాలినే ఫ్యాన్లు తిప్పి తిప్పి వదులుతాయి, అందులో ఇంజను నడిపితే పొగ పోయే దారి ఉండదని వివరించాను. ప్రభాకర్ తల ఊపాడు. ముందు ఉన్న ఇంజనుతోనే నడిపి చూసి, మర బాగుందని తేలాక మోటారు కొందామన్నాడు. సబబుగానే తోచింది. అయితే మాల్‌లో పెట్రోలు యంత్రం పెట్టనివ్వరు. అందువల్ల అది అబూ హలీఫాలో మేమున్న పాత విల్లా వెనక, రేకుల నీడలోకి వచ్చి చేరింది.

అక్కడి నుంచి నా విసుగు మొదలైంది. ట్యాంకులో ఎప్పటి పెట్రోలో బెల్లం పాకంలా గట్టిపడి ఉంది. కార్బురేటర్ విప్పితే అదే పాకం. పెట్రోలును సన్నగా వదిలే జెట్టు రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. బెల్టులు ముట్టుకుంటే తునిగాయి. చక్రాలను తిప్పే రబ్బరు బిళ్ళ బీటలు వారింది. షువైఖ్‌లో నేను ఎక్కిన ప్రతి దుకాణంలోనూ ముందు ఇది ఏ యంత్రమని అడిగేవారు, చెప్పగానే నవ్వేవారు, నవ్వాక లేదనేవారు. ఒకాయన పక్క కొట్టు వాళ్ళను కూడా పిలిచి నాచేత మళ్ళీ చెప్పించాడు. చివరికి బెల్టు కొలతను దారంతో తీసుకెళ్ళి వాషింగ్ మెషీన్ల కొట్లో సరిపోయేది పట్టుకున్నాను.

ఇంట్లో నా భార్య సుశీల మూడో రోజుకే మాట్లాడడం తగ్గించింది. ఆరేసిన బట్టలకు పెట్రోలు వాసన. విల్లా కాపలాదారు ఈజిప్టు మనిషి, రోజూ వచ్చి చేతులు ఊపి 'ఖలాస్, ఖలాస్' అంటూ, ఇక చాలు, దీన్ని తీసేయమనేవాడు. ప్రభాకర్ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోన్ చేసి అయిందా అని అడిగేవాడు.

ఎట్టకేలకు ఇంజను అందుకుంది. అందుకుని నల్లటి పొగ కక్కింది. పై అంతస్తుల కిటికీలు టపటపా మూసుకున్నాయి. ఇందులో యంత్రం తప్పు లేదు. చల్లటి గాలి చిక్కన, అందుకు తగ్గట్టు ఎక్కువ పెట్రోలు పోసేలా ఆ జెట్టును చేశారు. అబూ హలీఫా ఎండలో గాలి పలుచన. పెట్రోలు పూర్తిగా మండక పొగ వస్తోంది. ఎలాగూ ఇంజను తీసేసేదే గనక జెట్టు జోలికి పోలేదు. ఖాళీగా ఉన్నప్పటి వేగాన్ని సరిచేసి, వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్ స్ప్రింగును బిగించాను. మర, రెక్కల చక్రం చక్కగా తిరిగాయి. నడుస్తోందని ప్రభాకర్‌కు ఫోన్‌లో చెప్పి, మోటారు లేకుండా హాల్లోకి వద్దని మరోసారి అన్నాను. ఆయన ఆ వాక్యంలో మొదటి సగమే విన్నట్టున్నాడు.

మర్నాడు పొద్దున్నే మోటారు కోసం షువైఖ్ వెళ్ళాను. తడిని తట్టుకునే మూసిన మోటారు ఒకటి దొరికింది. బేరం తెగకముందే సుశీల ఫోన్ చేసింది.

"మీ మిషన్‌ని బండెక్కించుకుని పోయారండీ. ప్రభాకర్ గారు పంపించారట. మీకు తెలుసా?"

తెలియదు. ప్రభాకర్‌కు ఫోన్ చేస్తే కలవలేదు. హాల్లోపల సిగ్నల్ అందదు. అంటే మనిషి హాల్లోనే ఉన్నాడు. మోటారు అక్కడే వదిలి బయల్దేరాను. రోడ్డంతా ఆఫీసుల రద్దీ. ఆ దారిలో నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. తిట్లతో పాటు భయం కూడా ఉంది. ఆ పొద్దున ఒక బడి పిల్లలు వస్తారని నాకు తెలుసు.

నేను వెళ్ళేసరికి టిక్కెట్ల కౌంటరు ముందు పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. లోపల యంత్రం ఏ తడబాటూ లేకుండా ఒకే శ్రుతిలో నడుస్తోంది. గొట్టంలోంచి మంచు అందంగా ఎగిరి పడుతోంది. పొగ అన్నదే లేదు. అది తన చలిలోకి తాను వచ్చింది, చిక్కటి గాలి దొరికి పెట్రోలు చాలావరకు మండిపోతోంది. మాల్ వాళ్ళ కంట పడకుండా యంత్రాన్ని లోపలికి తెచ్చిన పెద్ద సామాను తలుపు మాత్రం బిగించి మూసి ఉంది.

యంత్రం నడపవలసిన మా పనివాడు ఓబులేసు ఒక పక్క మంచు మీద చతికిలబడి ఉన్నాడు. రాయచోటి దగ్గరివాడు, మా పక్కనే మహబూలాలో ఉంటాడు, బరువు పనులకు వెనుదీసే మనిషి కాదు. ప్రభాకరే స్వయంగా యంత్రం పట్టుకుని నడుపుతున్నాడు. నేను వెళ్ళి స్విచ్ ఆపాను.

"ఎందుకు ఆపిన్రు సార్? పొగ ఏడున్నది, మీరే చూడుండ్రి. ఎంత సాఫ్‌గ నడుస్తున్నది."

"కనపడేదాని సంగతి కాదు ప్రభాకర్ గారూ. ముందు ఆ తలుపు తీయించండి."

"తలుపు తీస్తే మంచంతా కరుగుతది. బయట పిల్లలు నిలబడ్డరు."

నేను ఓబులేసు దగ్గరికి వెళ్ళాను. లేవమంటే లేవలేకపోయాడు.

"తలకాయ పగిలిపోతాండాది సార్. చలికేమో అనుకున్న్యా," అన్నాడు.

అతన్ని చంకల కింద పట్టుకుని బయటికి లాగాను. ప్రభాకర్ రెండో పక్క పట్టుకున్నాడు. అప్పుడు చూశాను, ఆయన అడుగులూ సరిగా పడడం లేదు. మాల్ భద్రతాధికారికి కబురు పెట్టాను. భూగర్భ పార్కింగ్‌లో కార్లు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే చేతి మీటరు ఆయన దగ్గర ఉంటుంది. ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. ఆయన హాలు గుమ్మంలో కాలు పెట్టాడో లేదో మీటరు కూత పెట్టింది. ఆ కూత విని ప్రభాకర్ పెద్ద తలుపు దగ్గరికి నడిచాడు. తానే గడియ లాగాడు. పిల్లలను వెనక్కి పంపమని కౌంటరుకు చెప్పింది కూడా ఆయనే.

ఓబులేసును ఆస్పత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. ఊరికి ఫోన్ చేయవద్దని, ఇంట్లో ఆడమనిషి బెదిరిపోతుందని అతను నన్ను పట్టుపట్టి అడిగాడు. ప్రభాకర్‌కూ డాక్టరు ఆక్సిజన్ పెట్టించాడు. ఇద్దరూ పక్కపక్క మంచాల మీద మాస్కులతో పడుకుని ఉంటే నా కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. సాయంత్రం మాస్కు తీసేశాక ప్రభాకర్ అటువైపు తిరిగి, "ఓబులేసూ, నేనే చెప్పిన గద నడపమని," అన్నాడు. ఓబులేసు మంచినీళ్ళ సీసా అడిగాడు. ప్రభాకర్ లేచి ఇచ్చాడు.

ఇద్దరూ కోలుకున్నారు. హాలు ఆ రోజంతా మూసి, గాలి మార్చి, మీటరు ఏ మూలా కూయదని చూసుకున్నాకే తెరిచాం. అప్పటికి మంచు సగం పోయింది. హాలు ఎందుకు మూశారని యజమాని అడిగితే ప్రభాకర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. నన్ను మధ్యలోకి లాగలేదు. ఇంజను ఊడదీసి మోటారు బిగించడానికి నాకు ఎంతో సమయం పట్టలేదు. ఈద్ రద్దీని ఆ పాత యంత్రమే దాటించింది. పని బాగానే చేసింది, దాని మీద మాత్రం నా చిరాకు తగ్గలేదు.

ఈ సంగతి చెప్పినప్పుడు అంతా మేనేజర్ తొందరపాటేనా అని అడుగుతుంటారు. తొందర అన్ని ఉద్యోగాల్లోనూ ఉంటుంది. నాకు బోధపడింది వేరు. నడుస్తున్న యంత్రాన్ని చూపించి ఇది ఇంకా సిద్ధం కాలేదంటే ఎవరూ నమ్మరు. చెవికి చప్పుడు బాగుండి, కంటికి పొగ కనపడకపోతే అనుభవమున్న మనిషికి కూడా పని పూర్తయినట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత రిటైరయ్యే వరకు, పరీక్ష కోసం నడిపిన ఏ యంత్రం నుంచైనా అది స్టార్టు కావడానికి అవసరమైన ఒక భాగం విప్పి నా దగ్గరే ఉంచుకున్నాను. నోటి మాటతో ఎవరినీ వద్దనవలసిన అవసరం మళ్ళీ రాలేదు.