కాక ఫొటో కోసం ఆగిన చక్రం

మొన్న నా కళ్లద్దాల మర ఊడి పడింది. ఆవగింజంత మర. ఈ వయసులో నేలమీద పాకుతూ దాన్ని వెతుకుతుంటే, గోదావరిఖనిలో ఫొటో స్టూడియో నడిపిన రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో కెమెరా లెన్సు విప్పి మళ్లీ బిగించగల మొనగాడు మద్రాసు దాకా నేనొక్కడినే. సరే, మంచిర్యాల దాకా.

నాది జర్మనీ వాళ్ల పాత డబ్బా కెమెరా. ముందు ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు. పైదానితో చూడాలి, కిందిదానితో తీయాలి. ఒక వానాకాలం కింది లెన్సు లోపల సాలెగూడులా బూజు పట్టింది. ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టు వచ్చేవి. సరిగ్గా అప్పుడే మా కాక, నాన్న తమ్ముడు, బాయి పని నుంచి దిగిపోయే రోజు దగ్గరపడింది. బొగ్గు గనిని మేం బాయి అంటాం. ముప్పై ఏళ్లు బొగ్గు తవ్విన మనిషికి ఒక్క ఫొటో లేదు. మర్నాడే ఆఖరి షిఫ్టు. అది దిగగానే తన జట్టుతో తీయించుకుని, సాయంత్రం బస్సుకు ఊరెళ్లిపోతాడు. "మబ్బుల ఉన్నట్టు తీస్తె మాత్రం ఊకోను బిడ్డా" అని ముందే చెప్పాడు.

లెన్సు విప్పి, దవాఖానలో నర్సుగా చేసే వదిన తెచ్చిన స్పిరిటుతో, పువ్వును తాకినట్టు తుడిచాను. అద్దం తళతళలాడింది. అప్పుడు బయటపడింది నా ఘనకార్యం: విప్పేముందు అద్దం ఎంతవరకు బిగించి ఉందో గుర్తు పెట్టుకోలేదు. కాస్త తేడా వచ్చినా ముఖాలు అలుక్కుపోతాయి. ఇక ఒకటే దారి. ఫిలిం ఉండేచోట నూనె కాగితం అతికించి, దూరపు వస్తువేదైనా దాని మీద స్పష్టంగా పడేదాకా అద్దం తిప్పాలి. మా వాకిట్లోంచి సన్నని గీతలతో కనిపించేది, మనుషుల్నీ బొగ్గునూ ఇనప తాడుతో పైకి లాగే బాయి మీది పెద్ద చక్రమొక్కటే. అదేమో తిరుగుతూనే ఉంటుంది, ఊచలన్నీ కలిసిపోతాయి. మర్నాడు పొద్దున్నే బాయి దగ్గరికి పోయి, ఇంజను నడిపే అన్నతో "చక్రం ఆపు" అన్నాను. ఆపాడు! ఒక్క లెన్సు కోసం గనినే ఆపేశాను.

నిజం చెప్పాలంటే, తాడు పరీక్షకు రోజూ పొద్దున కాసేపు ఆపుతారు. నేను వాకిలి దాటలేదు. ఇంకో నిజం: లెన్సు తుడిచింది వదిన. "గదేమన్న బాసనా, గట్ల తోముతున్నవ్? ఇటు తే!" అని లాక్కుంది. కానీ కాగితం మీద తలకిందులుగా పడిన చక్రంలో ఒక్కో ఊచా విడివిడిగా తేలేదాకా అద్దం తిప్పింది మాత్రం నేనే. ఒట్టు.

షిఫ్టు దిగిన జట్టును బాయి ముందర నిలబెట్టి తీశాను. బస్సు కదిలేలోగా తడి ఆరని ఫొటో పట్టుకుని ఉరికాను. కనురెప్పల మీది బొగ్గుపొడి కూడా కనిపిస్తోంది! కాక దాన్ని కళ్ల దగ్గరికి పెట్టుకుని చూశాడు.

"ఏందిరా, నేను గింత ముసలోణ్ణయిన్నా?"

"నిన్ననే అయినవా ఏంది కాకా!" అన్నాడు సాగనంపడానికొచ్చిన జట్టులో ఒకడు.

కాక పకపకా నవ్వి, బస్సులో ఒక్కొక్కరికీ చూపించుకుంటూ వెనక సీటు దాకా పోయాడు. భూమి కింద గడిచిపోయిన ముప్పై ఏళ్ల కాలం, ఆ సాయంత్రం అరచేయంత కాగితం మీద, తడితడిగా ఆయన చేతికొచ్చింది.